మామూ ఎముకల తస్వీర్

"భాయ్, రిపోర్ట్‌లో సూపర్ స్కాన్ అని రాసిండ్రు. సూపర్ అంటే మంచిదే కదా?"

ఆలేరు నుంచి మామూ కొడుకు ఫోన్‌లో ఇట్లా అడిగితే నాకు వెంటనే జవాబు రాలేదు. న్యూక్లియర్ మెడిసిన్‌లో ఆ మాటకు మతలబు వేరే. ఎముకలన్నీ మందును గట్టిగా లాగేసుకున్నాయి, కిడ్నీల్లో కనబడేంత కూడా మిగల్చలేదు అని. ప్రోస్టేట్ క్యాన్సర్ ఉన్న మనిషి కాగితం మీద ఆ మాట కనబడితే చాలామంది మొదట అనుకునేది ఒక్కటే: బీమారీ అస్థిపంజరం మొత్తం పాకింది.

"ఫిలిం, సీడీ రెండూ పట్టుకుని రేపు పొద్దున్నే రా. మామూని ఇంట్లోనే ఉండనీ" అన్నాను.

2024 రమజాన్ అది. నేను హైదరాబాద్‌లో ఒక దవాఖానాలో గామా కెమెరా దగ్గర పనిచేసే టెక్నాలజిస్టును. రిపోర్ట్ రాయడం డాక్టర్ల పని, తస్వీర్ తీయడం, దాన్ని కంప్యూటర్‌లో చదవదగ్గట్టు తయారు చేయడం నా పని. మన ఖాందాన్లలో ఈ స్కాన్ల సంగతి తెలిసినవాళ్ళు తక్కువ. ఎక్స్‌రే లాంటిదే, కొంచెం ఖరీదైనది అనుకుంటారు. అందుకే మామూ కిస్సా పూర్తిగా చెప్తాను. ఆయన ఇజాజత్ తీసుకునే రాస్తున్నాను.

ముందు ఎముకల స్కాన్ అంటే ఏంటో. ఎక్స్‌రేలో మెషీన్ కిరణాలు పంపుతుంది, మన ఒళ్ళు నీడ వేస్తుంది. ఇక్కడ ఉల్టా. మెషీన్ ఏమీ పంపదు. టెక్నీషియం-99ఎం అనే రేడియో పదార్థాన్ని ఎండీపీ అనే మందుకు కట్టి చేతి నరంలోకి సూదిస్తాం. కొత్త ఎముక ఎక్కడ తయారవుతోందో మందు అక్కడికెళ్ళి అతుక్కుంటుంది. అక్కడి నుంచి గామా కిరణాలు వస్తాయి, కెమెరా కూర్చుని లెక్కపెడుతుంది. అంటే చిరాగ్ మనిషే, కెమెరా ఉత్త కన్ను. ఫాస్ఫేట్ మందులకు టెక్నీషియం కట్టి ఎముకలు చూడొచ్చని 1971లో అమెరికాలో సుబ్రమణియన్, మెకాఫీ అనే ఇద్దరు చూపించారు. ఇప్పటికీ దాదాపు అదే పద్ధతి.

సూదికీ తస్వీర్‌కీ మధ్య 2 నుంచి 4 గంటలు ఆగాలి. ఎందుకంటే మందు మొదట రక్తంలో, మాంసంలో అంతటా ఉంటుంది. ఎముక తన హిస్సా తీసుకున్నాక మిగిలింది కిడ్నీల గుండా ఉచ్చలో పోవాలి. అది పోయే దాకా ఎముకల చుట్టూ పొగమంచులాగా ఉంటుంది. అందుకే ఆ గంటల్లో నీళ్ళు బాగా తాగమంటాం, కెమెరా కింద పడుకునే ముందు బాత్రూమ్‌కి వెళ్ళి రమ్మంటాం. ఈ మూడే: ఆగడం, తాగడం, ఖాళీ చేసుకోవడం. చిన్న విషయాల్లాగా కనబడతాయి.

మరుసటి రోజు తమ్ముడు వచ్చాడు. ఫిలిం లైట్ ముందు పెట్టి చూశాను. తల నుంచి మోకాళ్ళ దాకా సియాహీ పోసినట్టు నల్లగా ఉంది. ఎముక ఎక్కడ ఆగిందో, మాంసం ఎక్కడ మొదలైందో పక్కటెముకల దగ్గర తెలియడం లేదు. నడుం కింద బ్లాడర్ ఒక పెద్ద నల్లటి గుండులాగా ఉంది.

మామూకి ఫోన్ చేశాను.

"మామూ, సూది ఎన్నింటికి ఇచ్చిండ్రు?"

"పదిన్నర దాటింది బేటా. పావుతక్కువ పదకొండు అయితది."

"కెమెరా కింద ఎప్పుడు పండుకోబెట్టిండ్రు?"

"పన్నెండుంబావుకి. ఆ పిల్లగాడు బహుత్ అచ్ఛా లడ్కా. చాచా, మీరు రోజాల ఉన్నరు, ఆలేరు దాకా పోవాలె, ఇఫ్తార్ కల్లా ఇంట్ల ఉండాలె కదా అని నన్ను లైన్ల ముందలికి తీసుకుండు."

"నీళ్ళు తాగినరా?"

"రోజాల ఉన్న అని చెప్తున్న కదా బేటా."

అంతా అర్థమైంది. గంటన్నరకే తస్వీర్ తీశారు, చుక్క నీళ్ళు లోపలికి పోలేదు. బాత్రూమ్ సంగతి అడిగితే, వజూ మళ్ళీ చేసుకోవాల్సొస్తుందని స్కాన్ అయ్యేదాకా ఆపుకున్నాడట. ఆ కుర్రాడి నీయత్ బంగారం లాంటిది, దాని మీద నాకు షికాయత్ లేదు. సికింద్రాబాద్ నుంచి ఆలేరుకు రైల్లో సుమారు 70 కిలోమీటర్లు, ముసలాయన రోజాతో ఒక్కడే వచ్చాడు. ఎవరికైనా రహమ్ పుడుతుంది. నా షికాయత్ ఒక్కటే. తొందరగా తీశామని, నీళ్ళు తాగలేదని, బ్లాడర్ నిండుగా ఉందని రిపోర్ట్‌లో ఒక్క లైన్ రాసి ఉంటే చదివిన డాక్టర్ ఎవరైనా కాస్త ఆగేవాడు. స్కాన్ ఎట్లా తీశారన్న చోట ఎప్పుడూ రాసే అచ్చు వాక్యమే ఉంది: సూది తర్వాత 3 గంటలకు తీయబడింది. కంప్యూటర్‌లో తయారుగా ఉండే వాక్యం అది. రోజు మారుతుంది, వాక్యం మారదు.

ఇక సీడీ. అందులో ఉన్నవి స్కాన్ ఫైళ్ళు కావు, కంప్యూటర్ తెర మీద కనబడిన బొమ్మకు తీసిన నకళ్ళు. ఈ ఫరక్ అందరూ తెలుసుకోవాలి. కెమెరా అసలు దాచేది బొమ్మను కాదు, అంకెలను. ఒక్కో చిన్న గడిలో ఎన్ని గామా కిరణాలు పడ్డాయో ఆ లెక్క. అసలు ఫైల్‌తో పాటు పేషెంట్ బరువు, కెమెరా మొదలైన వక్త్, టేబుల్ ఎంత వేగంతో నడిచింది, ఎంత మందిచ్చారు అన్నవి లోపల రాసి ఉంటాయి, సెంటర్‌వాళ్ళు నింపితే. ఆ అంకెలకు నలుపు తెలుపు రంగులు వేయడం తర్వాతి పని. ఎన్ని కిరణాలకు పూర్తి నలుపు అనేది మనం పెట్టే హద్దు. హద్దు కిందికి దించితే, దాన్ని దాటినవన్నీ ఒకే నలుపు. వంద పడిన గడి, వెయ్యి పడిన గడి కళ్ళకు సమానం అయిపోతాయి. కూరలో ఉప్పు ఎక్కువైతే కారం, పులుపు ఏదీ తెలియనట్టు.

మామూ విషయంలో జరిగింది అదే. బ్లాడర్‌లో చిక్కటి ఉచ్చ, దాని నిండా మందు. బొమ్మలో అన్నింటికంటే వేడి గడి అదే కాబట్టి కంప్యూటర్ దాన్ని కొలతగా పెట్టుకుని ఎముకలను వెలిసిపోయినట్టు చూపించి ఉంటుంది. కనబడటం లేదని ఎవరో హద్దు దించారు. పొగమంచుతో సహా అన్నీ నల్లబడ్డాయి. నల్లగా ఉందంటే బీమారీ ఉందని కాదు. ముందు హద్దు ఎక్కడ పెట్టారో చూడాలి.

అసలు ఫైళ్ళు కావాలని ఆ సెంటర్‌కి అర్జీ రాయించాను. ఇచ్చారు, మూడు రోజులకు. మా సీనియర్ డాక్టర్ సాబ్, నేను తరావీహ్ తర్వాత కూర్చుని తెరిచాం. ఫైల్‌లో వక్త్ నిజమే చెప్పింది, గంటన్నర. బ్లాడర్ చుట్టూ గీత గీసి దాన్ని లెక్కలోంచి తీసేశాం. హద్దును మెల్లగా పైకి జరుపుతూ పోయాం. పొగమంచు పలచబడింది. కిడ్నీలు మసకగానైనా కనబడ్డాయి. ఎముకలు విడివిడిగా తేలాయి.

క్యాన్సర్ ఎముకల్లోకి దిగినప్పుడు అది బరాబర్ పంచుకుని దిగదు. ఎర్ర మజ్జ ఎక్కువుండే వెన్ను, పక్కటెముకలు, నడుం ఎముకల్లో ఎక్కువ, ముంజేతుల్లో, పిక్కల్లో తక్కువ. ఒక పూస నల్లగా, పక్క పూస మామూలుగా, అట్లా చెదురుమదురుగా ఉంటుంది. మామూ తస్వీర్‌లో మాత్రం అంతా ఒకే తీరు. వెన్నులో ఎంతో ముంజేతిలోనూ అంతే, పిక్కల్లోనూ అంతే. మొత్తం ఎముక ఖాయా మారిపోయినప్పుడు కనబడే తీరు అది.

డాక్టర్ సాబ్ అడిగారు: "మీ మామూ ఏ ఊళ్ళో ఉండేవారు?"

ఆలేరుకు వచ్చి ఆయనకు పదేళ్ళే. అంతకు ముందు 28 ఏళ్ళు మర్రిగూడ దిక్కు వెల్డింగ్ దుకాణం. బోరింగ్ నీళ్ళే తాగాడు, వాటితోనే టీ.

ఆ మాట చెప్పగానే ఇంకోటి నా కళ్ళ ముందుకొచ్చింది. నమాజ్ ఆఖర్న అందరం మెడ తిప్పి కుడికీ ఎడమకీ సలాం చెప్తాం. మామూ మెడ తిరగదు. భుజాలతో సహా నడుం నుంచి తిరుగుతాడు. చిన్నప్పుడు మేం పిల్లలం వెనక సఫ్‌లో నిలబడి ఆయన్ను నకల్ చేసేవాళ్ళం, అమ్మీ చేతిలో తన్నులు తినేవాళ్ళం. సజ్దా చేయలేక కుర్చీ మీద నమాజ్ చదవబట్టి కూడా చాలా ఏళ్ళయింది. ఖాందాన్ మొత్తం దాన్ని వయసు అనుకుంది.

నల్లగొండ వాళ్ళకు ఇది ఏంటో వేరే చెప్పక్కర్లేదు. ఫ్లోరైడ్. నీళ్ళలో లీటర్‌కు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు. మర్రిగూడ, మునుగోడు దిక్కు బోర్లు దాన్ని ఎన్నో రెట్లు దాటిన సంగతి తరతరాలు చూశాయి. 1955లోనే ఎ.హెచ్. సిద్దీఖీ అనే డాక్టర్ నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు, పేరులో హైదరాబాద్-దక్కన్ అని కూడా పెట్టి. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నాగ్‌పూర్‌లోని నీరీ సంస్థ పెట్టిన పేరు 'నల్గొండ టెక్నిక్'. మన జిల్లా పేరు ప్రపంచమంతా తిరిగింది, ఇట్లాంటి దానికి. ఆ నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే ఎముక బరువెక్కుతుంది, కీళ్ళ చుట్టూ ఉండే నరాల్లాంటి కట్లు కూడా ఎముకలాగా గట్టిపడతాయి, మెడ బిగుస్తుంది. ఒంట్లో ప్రతి ఎముకా లోపల పనిలో ఉంటుంది. ఎక్కడ పని ఉంటే ఎండీపీ అక్కడికి పోతుంది. ఫ్లోరోసిస్ మనిషిని కెమెరా కింద పెడితే క్యాన్సర్ లేకపోయినా సూపర్ స్కాన్ రావచ్చు.

ముంజేతికి ఒక మామూలు ఎక్స్‌రే తీయించాం. ముంజేతిలో రెండు ఎముకల మధ్య పలచటి పొర ఉంటుంది. మామూకి అది ముళ్ళు ముళ్ళుగా గట్టిపడి ఉంది. ఫ్లోరోసిస్‌కు పేరుపొందిన నిషానీ అది. ఈ ఎక్స్‌రే ముందే తీసి ఉంటే కథ ఇంత దూరం వచ్చేదే కాదు, కానీ స్కాన్‌కు పంపిన చీటీలో ఉన్నది "ప్రోస్టేట్ క్యాన్సర్, బోన్ స్కాన్" అనే నాలుగు మాటలే.

ఇక్కడ ఖుషీ అయిపోయి ఆగిపోవచ్చు. తమ్ముడు అప్పటికే ఇంటికి ఫోన్ చేసి "కుఛ్ నహీ హై, పానీ కా బీమారీ హై" అని చెప్పేశాడు, ముమానీ షుక్రానా నమాజ్ కూడా చదివేసింది. డాక్టర్ సాబ్ మాత్రం ఒప్పుకోలేదు. ఆయన మాట సరైనదే. కంప్యూటర్‌లో మేం ఏం చేయగలం, ఏం చేయలేం అన్నది చూడండి. నలుపు హద్దు మార్చగలం. టెక్నీషియం సగం కావడానికి 6 గంటలు కాబట్టి, గంటన్నరకు 84 శాతం మిగులుతుంది, మూడున్నర గంటలకు 67 శాతం. ఆ తరుగు లెక్క కాగితం మీద కట్టగలం. కానీ ఆ రెండు గంటల్లో మామూ కిడ్నీలు ఎంత మందును బయటికి పంపేవో, ఎముకలో ఏ మూల ఇంకొంచెం ఎక్కువ లాగేదో, దానికి ఏ ఫార్ములా లేదు. ఆ వక్త్ గడవలేదు, అంతే. నిండు బ్లాడర్ వెనక దాగిన త్రికాస్థి కూడా అంతే. బ్లాడర్‌ను లెక్కలోంచి తీసేస్తే అక్కడ మిగిలేది ఖాళీ, ఎముక కాదు. గలత్‌గా తీసిన తస్వీర్‌ని కొంత దూరం బాగుచేయొచ్చు, లేని సమాచారాన్ని పుట్టించలేం. పుట్టించామనుకోవడం మొదటి రిపోర్ట్ కంటే పెద్ద తప్పు అవుతుంది. అది చెడ్డ వార్తను రెట్టింపు చేసింది, ఇది మంచి వార్తను కల్పిస్తుంది.

కాబట్టి ఈద్ అయ్యాక మళ్ళీ స్కాన్. ఈసారి ఎనిమిది గ్లాసుల నీళ్ళు, మూడున్నర గంటలు, కెమెరాకు ముందు బాత్రూమ్. నడుం దగ్గర కెమెరాను చుట్టూ తిప్పి, సీటీతో కలిపి తీశాం. ఒళ్ళంతా ఫ్లోరైడ్ ఎముకలు వెలుగుతూనే ఉన్నాయి, అవి ఎప్పటికీ వెలుగుతాయి. వాటి మధ్య కుడి నడుం ఎముకలో ఒక చోట మిగతా దానికంటే ఎక్కువ వెలుగు, సీటీలో అక్కడ ఎముక తీరు కూడా వేరే. పీఎస్‌ఎంఏ పెట్ స్కాన్‌లోనూ అదే చోటు వెలిగింది, ఇంకెక్కడా లేదు. బీమారీ ఎముకకు చేరింది, ఒక్క చోట.

ఒక చోటా, ఒళ్ళంతానా అనే దానికి ఇంత హంగామా ఎందుకంటే ఇలాజ్ దాని మీదే ఆధారపడి ఉంది. ముఖ్యంగా బ్రిటన్‌లో జరిగిన స్టాంపీడ్ అనే పెద్ద పరిశోధన 2018లో చెప్పింది: ఎముకలకు కొద్దిగా మాత్రమే పాకినవాళ్ళకు హార్మోన్ మందులతో పాటు ప్రోస్టేట్‌కు రేడియేషన్ ఇస్తే ఎక్కువ కాలం బతికారు, బాగా పాకినవాళ్ళకు ఆ ఫాయిదా కనబడలేదు. ఎవరికి కొద్దిగా, ఎవరికి ఎక్కువ అని విడదీయడానికి మామూలు ఎముకల స్కాన్‌లో మచ్చలు కూడా లెక్కపెట్టారు. మొదటి రిపోర్ట్ ప్రకారం మామూ రెండో వరసలో నిలబడేవాడు. రెండో స్కాన్ ఆయన్ను మొదటి వరసకు తెచ్చింది. రేడియేషన్ పూర్తయింది, మూడు నెలలకోసారి హార్మోన్ సూది నడుస్తోంది, పీఎస్‌ఏ బాగా దిగింది. అల్హమ్దులిల్లాహ్. మెడ మాత్రం తిరగదు. ఆ ఫ్లోరైడ్‌కు ఇలాజ్ లేదు.

తమాషా ఏంటంటే, పెట్ స్కాన్లలో ఎక్కువగా వాడే ఎఫ్‌డీజీ మందులో ఉండేది కూడా ఫ్లోరినే, రేడియో ఫ్లోరిన్-18. ఉత్త ఫ్లోరైడ్‌గా నరంలోకి ఇస్తే తిన్నగా ఎముకకే పోతుంది. దాంతో ఎముకలు చూడొచ్చని 1962 నుంచీ తెలుసు. మర్రిగూడ బోర్ ఏళ్ళ తరబడి చేసిన పనినే మేం చిటికెడు మందుతో చేస్తాం, అదీ రెండు గంటల లోపు సగమైపోయే మందుతో.

ఎఫ్‌డీజీ అన్నాను కాబట్టి దాని సంగతి కూడా. అది చక్కెరకు కట్టిన మందు. క్యాన్సర్ ఎంత గుంజుకుందో చెప్పే ఎస్‌యూవీ అనే అంకె రిపోర్ట్‌లో ఉంటుంది. బీమారీ చోట ఉన్న మందును, ఇచ్చిన మందుతో, పేషెంట్ బరువుతో కట్టిన లెక్క అది. బరువు చూడకుండా అందాజాగా రాస్తే అంకె మారుతుంది. మొదటిసారి సూది తర్వాత గంటకు తీసి, రెండోసారి మెషీన్ దగ్గర భీడ్ ఉందని గంటా నలభై నిమిషాలకు తీస్తే, గడ్డ ఏమాత్రం పెరగకపోయినా అంకె పెరగొచ్చు, ఎందుకంటే చాలా గడ్డలు ఆ తర్వాత కూడా మందు గుంజుతూనే ఉంటాయి. 6.1 ఉన్నది 7.8 అయిందని ఏడ్చే ముందు రెండు రోజుల వక్త్‌లు పక్కపక్కన పెట్టి చూడమనండి. సూది మందు నరంలోంచి కొంత పక్కకు జారి చేతిలోనే ఉండిపోయినా ఉల్టా జరుగుతుంది, అంకె తగ్గినట్టు కనబడుతుంది. చేయి తస్వీర్‌లో లేకపోతే అది ఎవరికీ తెలియదు.

షుగర్ ఉన్నవాళ్ళు మరీ జాగ్రత్త. రక్తంలో షుగర్ 200 దాటితే చాలా చోట్ల వాపస్ పంపుతారు. వాపస్ పంపుతారనే భయంతో కొందరు పొద్దున ఇన్సులిన్ వేసుకుని, వేసుకోలేదని చెప్తారు. షుగర్ అంకె బాగుంటుంది, కానీ ఇన్సులిన్ మందునంతా కండల్లోకి తోసేస్తుంది. కండలు వెలుగుతాయి, గడ్డ వెలవెలబోతుంది. అట్లాంటి తస్వీర్‌ని ఏ కంప్యూటర్ బాగుచేయలేదు.

రమజాన్‌లో అపాయింట్‌మెంట్ పడితే ఏం చేయాలని చాలామంది అడుగుతారు. సూదితో రోజా పోతుందా అన్న మస్‌అలా మీ మౌల్వీ సాబ్‌ని అడగండి, నేను ఆలిమ్‌ను కాదు. కెమెరా వైపు నుంచి చెప్తాను. ఎఫ్‌డీజీ పెట్ స్కాన్‌కు ఎట్లాగూ ఆరు గంటలు తినకూడదు, కానీ నీళ్ళు కావాలి. ఎముకల స్కాన్‌కు తిండి అడ్డం కాదు, నీళ్ళు మాత్రం బాగా కావాలి. కిడ్నీల రెనోగ్రామ్‌కు అందరికంటే ఎక్కువ కావాలి. ఒళ్ళు ఎండిపోయి ఉంటే కిడ్నీ నుంచి మందు నిదానంగా దిగుతుంది, బాగున్న గొట్టం కూడా మూసుకుపోయినట్టు గ్రాఫ్ వస్తుంది, ఆపరేషన్ మాట మొదలవుతుంది. బీమార్‌కు రోజా తర్వాత రోజుల్లో తీర్చుకునే ఇజాజత్ సూరహ్ బఖరాలోనే ఉంది. లేదా డాక్టర్ ఆగొచ్చంటే ఈద్ తర్వాతికి మార్చమని అడగండి. రెండూ కుదరక రోజాతోనే వెళ్తే సూది ఇచ్చే మనిషికి ఆ సంగతి నోటితో చెప్పి, కాగితం మీద రాయించండి. మామూని తర్వాత అడిగితే "వాళ్ళు అడగలే, నేను చెప్పలే" అన్నాడు.

ఇంటికొచ్చేటప్పుడు అసలు ఫైళ్ళున్న సీడీ అడగండి. డైకామ్ ఫైళ్ళు అంటే వాళ్ళకు అర్థమవుతుంది, ఫోటోలు చాలవని చెప్పండి. సూది వక్త్, తస్వీర్ వక్త్, ఆ రోజు బరువు, షుగర్, ఏ ఊళ్ళో ఎన్నేళ్ళు ఏ నీళ్ళు తాగారు, ఇవన్నీ ఒక తెల్ల కాగితం మీద తెలుగులోనో ఉర్దూలోనో రాసి సీడీ కవర్లో పెట్టండి. మర్రిగూడ, మునుగోడు, చౌటుప్పల్ దిక్కు నుంచి వచ్చినవాళ్ళయితే ఆఖరిది తప్పకుండా. నేను మా దగ్గరికొచ్చే నల్లగొండ పేషెంట్లను ఇప్పుడు సూదికి ముందే అడుగుతున్నాను: చాచా, ఒకసారి మెడ కుడికి తిప్పండి, ఎడమకు తిప్పండి.